వాలిన చెట్టుకి రెండు అద్దాలు

కొండయ్య సెలూన్‌లోకి ఆడమనిషి అడుగుపెట్టడం కొత్తపేటలో అదే మొదటిసారి. 1997 జూలైలో ఒక ఆదివారం, పొద్దున్న పది గంటలకి. లోపల ముగ్గురం ఉన్నాం. కత్తి పట్టుకున్న కొండయ్య, బెంచీ మీద పేపరు చదువుకుంటున్న నేను, కుర్చీలో సగం గడ్డం గీయించుకుని మిగతా సగం నురగతో కూర్చున్న బంగారరాజు గారు. బంగారరాజు గారంటే మా డిగ్రీ కాలేజీ కరస్పాండెంటు. ఆయన కారు హారను వినపడితే గుమాస్తా దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా లేచి నిలబడేవాళ్ళు.

వచ్చినావిడ భూలక్ష్మి గారు, అదే కాలేజీలో లెక్కల లెక్చరరు. నేను తెలుగు చెప్పేవాణ్ణి. స్టాఫ్ రూములో మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే ఉండేవి. జరిగినదానికి మొదటి ముద్దాయిని నేనే. కొండయ్య కొత్తగా రెండు గోడలకి నిలువెత్తు అద్దాలు పెట్టించాడనీ, మూలలో రెండూ సందు లేకుండా కలిశాయనీ అంతకుముందు రోజు ఊరికే నోరు జారాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, ఆ రెండు గోడల మధ్య కోణం కచ్చితంగా తొంభై డిగ్రీలేనా అని అడిగారు. సెలూన్‌కి వెళ్ళినప్పుడు కోణాలు కొలిచే అలవాటు నాకు లేదు.

ఆవిడ గుమ్మంలోనే చెప్పులు విప్పి, కంగారు పడొద్దనీ, రెండు నిమిషాలు అద్దాలు చూసుకుని పోతాననీ కొండయ్యతో అన్నారు. కుర్చీలో ఉన్నదెవరో నురగ వల్ల గుర్తుపట్టలేదు. అదే ఆవిడ ధైర్యానికి కారణమని నా నమ్మకం.

“అయ్యా, ఒకసారి కుడి చెయ్యి ఎత్తుతారా?” అన్నారు.

కరస్పాండెంటుకి పని చెప్పినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ ఆశ్చర్యంలోనే కాబోలు, ఆయన చెయ్యి ఎత్తారు. ఎదుటి అద్దంలోని బంగారరాజు గారు ఎడమ చెయ్యి ఎత్తారు. అప్పుడావిడ రెండద్దాలూ కలిసిన మూలలోకి చూడమన్నారు. అక్కడ మూడో బంగారరాజు గారున్నారు. ఆయన మాత్రం కుడి చెయ్యే ఎత్తారు. ఒక అద్దం మనిషిని తిరగేస్తుంది, రెండో అద్దం ఆ తిరగబడ్డవాణ్ణి మళ్ళీ తిరగేస్తుంది, రెండూ కలిస్తే మనిషి చెడకుండా ఉన్నవాడు ఉన్నట్టే వెనక్కి తిరిగి నిలబడతాడు అని ఆవిడ వివరించారు. తిప్పడం అనే పని లోకంలో విడిగా లేదనీ, ప్రతి తిప్పుడూ రెండు అద్దాల పనేననీ అన్నారు.

బంగారరాజు గారు అదేమీ వినలేదు. మూలలోకే చూస్తున్నారు. పాపిడి అటువైపు నుంచి ఇటు వచ్చింది. ముక్కు కొంచెం కుడివైపుకి వంగి ఉంది. యాభై ఎనిమిదేళ్ళలో ఆయన తన మొహాన్ని ఇతరులు చూసినట్టు చూసుకోవడం అదే మొదలు.

“ఇదేంటి కొండయ్యా, ఇదా నా మొహం?”

“ఆయ్, మేం రోజూ చూసేది ఇదేనండి,” అన్నాడు కొండయ్య.

కరస్పాండెంటు గొంతు విన్నాక భూలక్ష్మి గారికి కుర్చీలో ఎవరున్నారో తెలిసింది. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు. సోమవారం నాటికి కాలేజీలో ఆవిడ పేరు అద్దాల మేడం అయింది. బంగారరాజు గారు మాత్రం ఆ వారం నుంచి పాపిడి రెండో పక్కకి తీయించుకోవడం మొదలుపెట్టారు.

ఆవిడకి ఈ అద్దాల పిచ్చి పట్టడానికి కారణం ఒక పాఠ్యపుస్తకంలోని ఒక్క వాక్యం. సొంతూరు రాజోలు దగ్గర. ఎమ్మెస్సీ అయ్యాక పెళ్ళి చేసుకుని కొత్తపేటకి వచ్చారు. ఊరి చివర వానపల్లి దారిలో, కాలవ గట్టునే వాళ్ళ ఇల్లు. భర్త ప్రకాశరావు గారికి రెండెకరాల కొబ్బరితోట. పదిహేనేళ్ళు అవే పాఠాలు చెప్పారు. ఏ లంబ మాత్రికనైనా పరావర్తనాల, అంటే అద్దాల, లబ్ధంగా విడదీయవచ్చునని రాసి, ఆ కింద, నిరూపణను పాఠకులకు వదిలేస్తున్నాం అని ముగించే పేజీ ఒకటి ప్రతి ఏడూ వచ్చేది. ప్రతి ఏడూ ఆవిడకి కోపం వచ్చేది. వదిలేసినవాళ్ళు సుఖంగా ఉన్నారు, ఇక్కడ అడిగే పిల్లలకి సమాధానం చెప్పుకోవాల్సింది నేను అనేవారు. నలభయ్యో ఏట ఆ కోపంతోనే విశాఖపట్నంలో ఒక గైడును వెతుక్కుని, ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్నారు.

నాకు అర్థమయ్యేలా ఆవిడ చెప్పింది ఇది. మాత్రిక అంటే అంకెల పెట్టె రూపంలో ఉన్న ఆజ్ఞ. ఒకే చోటునుంచి బయల్దేరే బాణాలు ఎన్నో ఉన్నాయనుకుంటే, ఒక్కొక్క బాణం ఎటు తిరగాలో అది చెబుతుంది. బాణాల పొడవు మారకుండా పంపేది లంబ మాత్రిక. అలాంటి ఆజ్ఞ ఎంత గజిబిజిగా ఉన్నా, దాన్ని ఒకదాని తరవాత ఒకటిగా పెట్టిన కొన్ని అద్దాలుగా విడదీయవచ్చు. పెద్ద సమాసాన్ని విడగొట్టి విగ్రహవాక్యం రాసినట్టేనా అన్నాను. ఆవిడ, మీది తప్పు రాసినా మార్కులేస్తారు, మాది వేయరు, తక్కినదంతా అంతే అన్నారు.

మామూలు పొడవులతో ఇది పాత సంగతి. గైడు గారు ఆవిడకిచ్చింది అంతకంటే పెంకి రకం. అందులో పొడవు కొలిచే పద్ధతే వేరు. ఉత్తర దక్షిణాల దూరాన్నీ పైకీ కిందికీ ఉన్న ఎత్తునీ వర్గం చేసి కలుపుతారు. తూర్పు పడమరల దూరం వర్గాన్ని మాత్రం తీసేస్తారు. ఈ వింత కొలతలో పొడవుల్ని చెడగొట్టని మాత్రికలు సాధారణీకృత లంబ మాత్రికలు. వాటిని కూడా అద్దాలుగా విడదీయవచ్చని పెద్దవాళ్ళు ఎప్పుడో నిరూపించారు. కానీ ఒక మాత్రిక చేతికిస్తే, కాగితమూ పెన్నూ పట్టుకుని, ఇదిగో మొదటి అద్దం, ఇదిగో రెండోది అంటూ వరసగా రాసుకుంటూ పోయే తేలికైన పద్ధతి కావాలి. అదీ ఆవిడ పని.

ఆ కొలత సంగతి ఒకరోజు ఇంట్లో అత్తగారికి చెప్పబోయి చిక్కులో పడ్డారట. అత్తగారు వీరాయమ్మ గారికి వాస్తు అంటే ప్రాణం. కుక్కపిల్ల పడుకునే దిక్కు కూడా ఆవిడే నిర్ణయించేవారు. కొబ్బరీనెలు చీరుతూ కూర్చుని కోడలి మాట శ్రద్ధగా విన్నారు.

“ఉత్తరానికి నాలుగడుగులు, తూర్పుకి నాలుగడుగులు వేస్తే ఒకదాంతో ఒకటి పోతుందండి అత్తయ్యగారూ. అందుకని ఈశాన్యానికి ఎంత దూరం నడిచినా మా లెక్కలో సున్నాయే. దానికెదురుగా అద్దం పెడదామంటే సున్నాతో భాగించాలి. అది కుదరదు.”

“ఈశాన్యం మూల అద్దం కుదరదనా?”

“అలా అనొచ్చండి.”

వీరాయమ్మ గారు ఈనెలు పక్కన పెట్టారు. ఈ ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు చదవాలా, తన పెళ్ళినాడే మామగారు చెప్పారు అన్నారు. అయినా ఆ రోజునుంచి కోడలి చదువంటే ఆవిడకి గౌరవం పెరిగింది. కోడలు కాగితాలు ముందేసుకుని కూర్చుంటే కూర తానే తరిగేవారు.

భూలక్ష్మి గారి పద్ధతి వినడానికి తేలికే. ఒక బాణాన్ని తీసుకోవాలి. మాత్రిక దాన్ని ఎక్కడికి పంపిందో చూడాలి. పంపిన చోటులోంచి పాత చోటుని తీసేస్తే ఒక తేడా వస్తుంది. ఆ తేడాకి ఎదురుగా అద్దం పెడితే బాణం మళ్ళీ మొదటి చోటుకి వచ్చేస్తుంది. ఒక బాణం కుదురుకుంది గనక దాన్ని వదిలేసి, మిగతావాటితో ఇదే పని. అలా అన్నీ కుదురుకునేదాకా పెట్టిన అద్దాల్ని వెనక నుంచి ముందుకి చదివితే మాత్రిక విడిపోయినట్టే.

1999 జనవరిలో విశాఖపట్నంలో సెమినారు పెట్టారు. ఆవిడ కొత్త చీర కట్టుకుని, రంగు సుద్దముక్కలు తీసుకుని వెళ్ళారు. నలభై నిమిషాలు బోర్డు మీద అద్దం మీద అద్దం పెట్టుకుంటూ పోయారు. మొదటి వరసలో రిటైరైన ఆచార్యుడొకాయన మొదటినుంచీ కునుకు తీస్తున్నారు. ఆఖరి అద్దం పెట్టి చేతులు దులుపుకుంటుండగా ఆయన కళ్ళు తెరిచి, ఆ తేడా బాణం పొడవే సున్నా అయితే ఏం చేస్తావమ్మా అని అడిగి, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఈశాన్యానికి అద్దం లేదని అత్తగారికి చెప్పిన మనిషి, తన సొంత పద్ధతిలో ఆ ఈశాన్యమే అడ్డుపడొచ్చునని చూసుకోలేదు. తిరుగు ప్రయాణంలో రాజమండ్రి దాకా రైల్లో నిలబడే వచ్చారట. సీట్లున్నాయి, కూర్చోబుద్ధి కాలేదని తరవాత నాతో అన్నారు.

ఆ తరవాత రెండేళ్ళు ఆవిడ పక్కబల్లలో కూర్చోవడం నాకు సులువుగా లేదు. బస్సు టిక్కెట్ల వెనకా హాజరుపట్టీ అంచుల మీదా పెళ్ళిపిలుపుల మీదా బాణాలు వేసేవారు. బాణాన్ని కాస్త ఇటు జరిపితే? తేడాని సగం చేస్తే? సున్నాని సగం చేసినా సున్నాయే. మా అమ్మాయి శుభలేఖ మీద కూడా నాలుగు వరసల మాత్రిక ఒకటి రాసి, తప్పని కొట్టేసి, మరిచిపోయి నాకే తిరిగిచ్చారు. 2000 వేసవిలో ఇక మానేస్తానని గైడుకి ఉత్తరం రాశారు. వేసవిలో తీసుకున్న నిర్ణయాలు చెల్లవు, వానలు పడ్డాక మళ్ళీ రాయమని ఆయన జవాబిచ్చారు. వానలు పడ్డాయి. ఆవిడ రాయలేదు. కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టేసి, అట్టపెట్టె నిండా ఉన్న పరీక్ష పేపర్లు మాత్రం దిద్దుకునేవారు. ఎప్పుడూ లేనిది మార్కులు ధారాళంగా వేసేవారు. పిల్లలకి కూడా అది దిగులుగానే ఉండేది.

2001 ఫిబ్రవరిలో తోటలో కొబ్బరికాయల దింపు తీయించిన రోజు కాలేజీకి సెలవు. కాయలన్నీ కుప్పపోశాక ప్రకాశరావు గారు కాలవగట్టు మీదున్న ఒక చెట్టు సంగతి తేల్చాలనుకున్నారు. తొంభై ఆరు తుఫానులో అది ఈశాన్యానికి వాలిపోయింది. వాలిందే గానీ చావలేదు, కాపూ మానలేదు. ఇప్పుడు దారికి అడ్డంగా ఉందని చుట్టుపక్కలవాళ్ళు గొడవ పెడుతున్నారు. భూలక్ష్మి గారు టీ పట్టుకెళ్ళి, కాయల కుప్ప పక్కన కూర్చున్నారు.

దింపు తీసే కుర్రాడు తాళ్ళు వేసి చెట్టుని నిటారుగా లాగుదామన్నాడు. ప్రకాశరావు గారు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి తల అడ్డంగా ఊపారు.

“ఉన్నపాటున నిలబెట్టడానికి కుదరదురా. తిన్నగా లాగేవంటే వేళ్ళు తెగుతాయి.”

భూలక్ష్మి గారు టీ గ్లాసు పట్టుకుని ఆ మాట విన్నారు. వాలిన చెట్టు ఉంది. దాని పక్కనే నిటారుగా ఇంకో చెట్టు ఉంది. నిలువు బాణం, మాత్రిక దాన్ని పంపిన చోటు, రెండూ ఆవిడ కళ్ళ ముందున్నాయి. రెండింటికీ తేడా ఈశాన్యపు దూరం, అంటే సున్నా. వాలినదాన్ని తిన్నగా నిలబెట్టే అద్దం లేదు. ఇంతవరకూ ఆవిడకి తెలిసిందే. అప్పుడు కాలవలోకి చూశారు. గాలి లేదు. నిటారు చెట్టు నీళ్ళలో తలకిందులుగా, అంతే నిటారుగా ఉంది.

వాలిన చెట్టుని పైనున్న చెట్టు దగ్గరికి పంపలేనప్పుడు నీళ్ళలో ఉన్న ఆ తలకిందుల చెట్టు దగ్గరికి పంపితే ఏమవుతుంది? దానికైతే తీసివేత అక్కర్లేదు, రెండింటినీ కలపాలి. కొబ్బరీనె తీసుకుని బురదలో లెక్క వేశారు. నిలువు పొడవు వర్గం ఒకటి అనుకుంటే, తేడా పొడవు వర్గమూ కూడిక పొడవు వర్గమూ చేరి ఎప్పుడూ నాలుగే కావాలి. తేడా సున్నా అయితే కూడిక నాలుగు. సున్నా కాదు గనక దానికి అద్దం ఉంది. ఆ అద్దం వాలిన చెట్టుని తలకిందులుగా నిలబెడుతుంది. తలకిందులుగా ఉన్నదాన్ని నిలబెట్టడానికి ఈ కాలవ నీళ్ళలాగా నేలమీద పరిచిన అద్దం ఇంకొకటి చాలు.

మూడుసార్లు చెరిపి మూడుసార్లు వేశారు. మూడుసార్లూ నాలుగే వచ్చింది.

“ఏవండీ, రెండద్దాలు పడతాయండి,” అన్నారు.

ప్రకాశరావు గారు చేతిలో తాడుతోనే భార్య వైపు చూశారు. ఆవిడ చీర కుచ్చిళ్ళనిండా బురద. కళ్ళలో నీళ్ళు. ఏదో కుట్టిందనుకుని పరిగెత్తుకొచ్చారు. సంగతి తెలిశాక ఎదురుగా కూర్చుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నారు. ఆయన చదివింది పదో తరగతి. అయినా ఆ రోజు ప్రపంచంలో ఆ పద్ధతి తెలిసిన రెండోవాడు ఆయనే. పశువులు తొక్కకుండా బురదలో లెక్క చుట్టూ నాలుగు కొబ్బరి మట్టలు అడ్డం పెట్టించారు. చెట్టుని ఆ శనివారం కొట్టేశారు. పాపం అనిపించలేదా అని నేనడిగితే, కాగితం మీదికి ఎక్కాక దాంతో పనేముంది మాస్టారూ అన్నారు భూలక్ష్మి గారు.

థీసిస్ రాయడానికి ఇంకో ఏడాది పట్టింది. 2002 నవంబరులో మౌఖిక పరీక్ష. సెలవు కోసం బంగారరాజు గారి గదిలోకి ఆవిడ వెళ్ళక తప్పలేదు. సెలూన్ సంగతి జరిగి అయిదేళ్ళయినా ఇద్దరూ దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. ఆయన దరఖాస్తు చదివి, విశాఖపట్నం నేనూ వస్తాను, కార్లో వెళదాం అన్నారు. ఆవిడ ప్రయాణమంతా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తుని దాటాక ఆయనే సెలూన్ మాట కదిపారు. ఆ మూల అద్దంలో కనిపించిన మొహమే అసలుదని తన భార్య కూడా ఒప్పుకుందనీ, పాపిడి ఇటువైపే బాగుందనీ అన్నారు.

పరీక్షకి చెన్నై నుంచి ఒక ఆచార్యుడు వచ్చారు. సన్నటి మనిషి, నవ్వడం తక్కువ. అసలు మొదట తీసుకునే బాణమే సున్నా పొడవుదైతే ఏం చేస్తారని అడిగారు. ఆవిడ తడుముకోలేదు. అలాంటిదాన్ని తీసుకోకూడదు, పొడవున్న బాణం ఈ కొలతలో ఎప్పుడూ ఒకటైనా దొరుకుతుంది అని చెప్పి, ఎందుకు దొరుకుతుందో నాలుగు వాక్యాల్లో బోర్డు మీద రాశారు. రెండద్దాల ఉపాయం ఎలా తట్టిందని ఆయన అడిగినప్పుడు మాత్రం కొంచెం జంకి, కాలవ, చెట్టు, ఈనె అన్నీ చెప్పారు. ఆయన థీసిస్ మూసేసి, ఆ చెట్టు ఏడాదికి ఎన్ని కాయలు కాసేదని అడిగారు. ఆయనది కూడా కొబ్బరితోటల ఊరే.

డాక్టరేటు వచ్చిందని కాలేజీలో సన్మానం చేశారు. పది నిమిషాలు మాట్లాడమంటే ఆవిడ ముప్పావుగంట మాట్లాడారు. ఊళ్ళో మాత్రం దీని గురించి వేరే కథ ప్రచారమైంది, అదంతా వీరాయమ్మ గారి పుణ్యం. ఈశాన్యం మూల అద్దం పెట్టకూడదని మా కోడలు విశాఖపట్నంలో బోర్డు మీద రుజువు చేసింది, మద్రాసాయన కూడా కాదనలేకపోయాడు అని ఆవిడ కనబడినవాళ్ళందరికీ చెప్పారు. కొత్తిళ్ళు కట్టుకునేవాళ్ళు ప్లాన్లు పట్టుకుని భూలక్ష్మి గారి దగ్గరికి రావడం మొదలుపెట్టారు. మొదట్లో ఆవిడ ఓపిగ్గా ఇది వేరే ఈశాన్యమండీ అని వివరించేవారు. కొన్నాళ్ళకి విసిగి, గాలి వచ్చేలా కిటికీలు పెట్టించుకోండి అని చెప్పి పంపేసేవారు. ఆ సలహా బాగా పనిచేసిందని కొందరు అరటి గెలలు తెచ్చిచ్చారు కూడా.

జీతం, పాఠాలు, మా బల్లలు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. థీసిస్‌లోని సారాన్ని ఆవిడ పన్నెండు పేజీల వ్యాసంగా రాసి ఒక పత్రికకి పంపారు. అది 2004లో అచ్చయింది. దాన్ని ఎవరైనా చదివారా అని ఆవిడకి లోలోపల ఉండేది. పైకి అనేవారు కాదు గానీ, టపా వచ్చే వేళకి స్టాఫ్ రూము గుమ్మం వైపు చూడటం నేను గమనించాను.

2006 ఆగస్టులో పోలండు నుంచి ఒక కవరు వచ్చింది. తపాలా బిళ్ళలు కొత్తగా ఉన్నాయని గుమాస్తా ముందుగా వాటిని చింపుకోబోయాడు. లోపల రెండు కాగితాలున్నాయి. రాసింది ఎవరో లెక్కల అధ్యాపకుడు. మీ వ్యాసం చదివాను, తొమ్మిదో పేజీలో నాలుగు వరసల మాత్రికకి మీరు ఆరు అద్దాలు వాడారు, మొదటి బాణం వేరేది తీసుకుంటే నాలుగు అద్దాలతోనే సరిపోతుంది, దయచేసి చూడండి అని ఉంది.

భూలక్ష్మి గారు అది రెండుసార్లు చదివి, నాకిచ్చి, కుర్చీలోంచి లేచారు. తప్పు బయటపడినందుకు బాధపడుతున్నారనుకుని, ఎవరికైనా జరుగుతుంది లెండి అన్నాను.

“తొమ్మిదో పేజీ దాకా చదివేడండి ఆయన,” అన్నారు ఆవిడ.

మధ్యాహ్నం రెండు క్లాసులు నన్ను తీసుకోమన్నారు. లెక్కల పిల్లలకి నేను పద్యం చెప్పాను. సాయంత్రం బెల్లు కొట్టేసరికి ఆవిడ ఆ నాలుగు అద్దాల్ని సరిచూసి, ఆరు పేజీల జవాబు రాసి, ప్రకాశరావు గారి సైకిలు వెనక కూర్చుని పోస్టాఫీసుకి వెళ్ళారు.